కెర్నెలు కైఫీయతులు: ల్యాప్‌టాపుల అవకరములు, వాని సర్దుబాట్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభకై సిద్ధపరచిన ఉపన్యాస పాఠము)



వ్యాకరణము చదివినవారికి ఉత్సర్గము, అపవాదము అను రెండు మాటలు పరిచితములు. ఎల్లచోట్ల చెల్లు సామాన్యవిధి ఉత్సర్గము. ఒకానొక చోట దానిని బాధించు విశేషవిధి అపవాదము. చిన్నయసూరి బాలవ్యాకరణమున "బహుళము" అను నొక్క పదమే నిత్యము, వైకల్పికము, నిషేధము, అన్యకార్యము అను నాలుగర్థములను మోయుచున్నది. సూత్రకారుడు భాషను సృజింపలేదు. భాష ముందు పుట్టినది, సూత్రము వెనుక వచ్చినది. సూత్రమునకు లొంగలేదని పెద్దల ప్రయోగమును పారవేయుటకు వీలులేదు. కావున సూత్రము ప్రక్కనే అపవాదమును వ్రాసి రెంటిని నిలిపిరి.

గ్రామ లెక్కలందును పద్ధతి ఇట్టిదే. అడంగలులో సర్వే నంబరునకు ఒక గడి, విస్తీర్ణమునకు ఒక గడి, పంటకు ఒక గడి, నీటి ఆధారమునకు ఒక గడి కలవు. చిట్టచివరి గడి కైఫీయతు. తక్కిన గడులలో ఇమడని నిజమంతయు అక్కడ చేరును. బావి యున్నది గాని నీరు లేదు. మెట్ట అని వ్రాసియున్నను చెరువు అలుగు పారి ఏటేట వరి పండుచున్నది. ఇట్టివన్నియు ఆ గడిలోని సంగతులు. దానిని చూడక లెక్క కట్టినవాడు కాగితము మీద సరిపోవును గాని పొలములో నిలువలేడు.

కంప్యూటరు లోకమునందును ఇట్టి కైఫీయతు గడి యొకటి కలదు. ఇంగ్లీషున దానికి క్విర్కు అని పేరు. అవకరము, వంకర, వింతపోకడ అని తెలుగున చెప్పవచ్చును. ఆ గడిని ఎవరు వ్రాయుదురు, ఎందుకు వ్రాయుదురు, దానివలన ఎవరికి మేలు అను విషయములను వివరించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశ్యము.

ల్యాప్‌టాపు తెరచినవానికి కనబడునవి తెర, కీబోర్డు, తెరమీది బొమ్మలు. కనబడనివి రెండున్నవి. మొదటిది ఫర్మ్‌వేరు. యంత్రము తయారైననాడే తయారీదారు ఒక చిన్న చిప్పులో వ్రాసిపెట్టిన ప్రోగ్రాము ఇది. మీట నొక్కగానే మొదట మేల్కొనునది ఇదియే. బయోసు అనునది దాని పాత పేరు. నేటి రూపమునకు యూఈఎఫ్ఐ అని పేరు. రెండవది ఆపరేటింగ్ సిస్టము యొక్క గర్భభాగము. దానినే కెర్నెలు అందురు. నొక్కిన అక్షరము తెరమీద పడుటకు, స్పీకరు పలుకుటకు, బ్యాటరీలో ఎంత మిగిలినదో తెలియుటకు, మూత వేయగానే యంత్రము నిద్రించుటకు కెర్నెలే కర్త. ఏ భాగము ఎక్కడ నున్నది, దానినెట్లు పలుకరింపవలెను అను వివరములను ఫర్మ్‌వేరు పట్టికల రూపమున కెర్నెలుకు అప్పగించును. ఈ అప్పగింతకు ఏసీపీఐ అను ఏర్పాటును ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు 1996లో మొదట ప్రకటించినవి.

ఇక్కడ ప్రస్తావించు కెర్నెలు లినక్సు. హెల్సింకి విశ్వవిద్యాలయములో విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనికి శ్రీకారము చుట్టెను. దీని మూలమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, జీపీఎల్ అను లైసెన్సు నియమములకు లోబడి పంచవచ్చును. కావున ఇందలి కైఫీయతులన్నియు బహిరంగములు. విండోసునందును ఇట్టివి లేకపోలేదు. కాని దాని మూలము ప్రజలు చదువుటకు వీలైనది కాదు.

ఈ అవకరములు ఎట్లు పుట్టును? ఒక ల్యాప్‌టాపులో ప్రాసెసరు ఒకరిది, ధ్వని చిప్పు వేరొకరిది, టచ్‌ప్యాడు ఇంకొకరిది, ఫర్మ్‌వేరు మూలము మరియొకరిది. పెట్టె మీద పేరు మాత్రము ఒక్కరిది. కొత్త మోడలు అంగడికి చేరవలసిన గడువు సమీపించినప్పుడు, దానితో కూడ అమ్మబడు విండోసు మీద అది నడచిన చాలును; పరీక్ష ముగిసినట్లే. ఫర్మ్‌వేరు పట్టికలో ఒక తప్పు వరుస యున్నను, విండోసు ఆ వరుసను చదువకపోయినచో ఆ తప్పు బయటపడదు. అదే యంత్రము మీద లినక్సు పెట్టి, పట్టికను ఉన్నదున్నట్లు నమ్మినవానికి కీబోర్డు మూగయగును, లేక స్పీకరు పలుకదు. కొన్నవాడు పట్టికను నిందింపడు. "లినక్సు పనికిరాదు" అనును.

తయారీదారునే దిద్దుమనరాదా అని ప్రశ్న పుట్టును. కొందరు దిద్దుదురు, ఫర్మ్‌వేరుకు కొత్త కూర్పులను ఇత్తురు. కాని మోడలు అమ్మకము ముగిసినపిదప దానివైపు చూచువారు తక్కువ. కూర్పు వచ్చినను, దానిని తెచ్చి ఎక్కించుకొను యజమానులు తక్కువ. తీగ కలిపిన తీరులోనే పొరపాటున్నచో దిద్దుటకు దారియే లేదు. చేత నున్న యంత్రము మారదు. మారగలిగినది కెర్నెలు ఒక్కటే. కావున తప్పు తనది కాకున్నను, సర్దుబాటు భారము కెర్నెలుదే యగుచున్నది.

సర్దుబాటు చేయుటకు ముందు యంత్రమును గుర్తింపవలెను. అందుకు రెండు ముఖ్యమైన ఆనవాళ్లు కలవు. మొదటిది సంఖ్య. పీసీఐ అను మార్గమునకు కలిపిన ప్రతి భాగమును తన తయారీదారు సంఖ్యను, తన సంఖ్యను చెప్పును. ఇంటెల్ సంస్థకు కేటాయించిన సంఖ్య 8086. ఆ సంస్థ 1978లో విడుదల చేసిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరును అదియే. రెండవది పేరు. డీఎంఐ అను పట్టికలో తయారీదారు పేరు, మోడలు పేరు, బోర్డు పేరు, బయోసు కూర్పు, తేదీ వ్రాసియుండును. మనిషిని ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పి గుర్తించినట్లే. కెర్నెలులో అక్కడక్కడ ఇట్టి పేర్ల పట్టికలున్నవి. యంత్రము మేల్కొనునప్పుడు కెర్నెలు తన పట్టికను యంత్రము చెప్పిన పేరుతో సరిచూచును. సరిపోయినచో ఆ వరుసకెదురుగా వ్రాసిన సర్దుబాటును అమలుపరచును. సరిపోనిచో సామాన్యవిధియే నడచును.

పేరు గడిలోను నిర్లక్ష్యము చూపిన తయారీదారులున్నారు. కొన్ని యంత్రములు తమ పేరు చెప్పవలసినచోట "తయారీదారు దీనిని పూరింపవలెను" అను అర్థమిచ్చు ఇంగ్లీషు వాక్యమును అట్లే వల్లించును. ఖాళీ నమూనా మీద సంతకము పెట్టి పంపినట్లున్నది. అట్టి యంత్రములకు బయోసు తేదీయో, వేరొక గుర్తో వెదకవలసి వచ్చును. గుర్తు మరీ విశాలమైనచో అవకరము లేని యంత్రమునకు సర్దుబాటు తగిలి అది చెడును. మరీ ఇరుకైనచో అదే జబ్బున్న తోబుట్టువునకు మందు అందదు. పొలమును సబ్‌డివిజను వరకు గుర్తింపవలసినట్లు, ఇక్కడను గుర్తు వ్రాయుటలోనే సగము నేర్పున్నది.

ఇక ఉదాహరణములు. కీబోర్డు అన్నిటికంటె సామాన్యమైన భాగము. ఐబీఎం సంస్థ 1984లో తెచ్చిన పీసీ ఏటీ అను యంత్రమున కీబోర్డును ఏలుటకు 8042 అను చిప్పు ఉండెడిది. నేడు ఆ చిప్పు విడిగా లేదు. అయినను దాని వేషము వేయు మరియొక చిప్పు అనేక ల్యాప్‌టాపులలో కీబోర్డు, టచ్‌ప్యాడుల పని చూచుచున్నది. ఒకే దారిలో పలు పరికరములను వేరువేరుగా పలుకరించుటకు ఒక అదనపు పద్ధతి కలదు. కొన్ని ల్యాప్‌టాపులు ఆ పద్ధతి తమకు తెలియునని కెర్నెలుకు చెప్పును. నమ్మి ఆ దారిన పోయినచో టచ్‌ప్యాడు మాయమగును. అట్టివాని పేర్లను వరుసగా వ్రాసి, "వీనిని ఆ ప్రశ్న అడుగవలదు" అని కెర్నెలు పెట్టుకొన్న పట్టిక చాల పొడవైనది.

కీబోర్డు కథలోనే మరియొక ఘట్టము కలదు. మీట నొక్కినప్పుడు కీబోర్డు ప్రాసెసరును పిలుచు తీగ ఒకటుండును. పిలుపు వచ్చినప్పుడు ఆ తీగమీది విద్యుత్తు పెరుగునా, తగ్గునా అనునది ముందుగా తెలిసియుండవలెను. పాతకాలపు యంత్రముల రివాజును బట్టి, ఫర్మ్‌వేరు పట్టిక వేరుగా చెప్పినను కెర్నెలు దానిని త్రోసిపుచ్చి పాత రివాజునే పాటించెడిది. ఏఎండీ వారి జెన్ జాతి ప్రాసెసర్లు గల కొన్ని కొత్త ల్యాప్‌టాపులలో పట్టిక చెప్పినదే నిజమైనది, రివాజు తప్పైనది, కీబోర్డులు మూగపోయినవి. 2022లో ఆ జాతికంతకు పట్టికనే నమ్మవలెనని సామాన్యవిధి చేసిరి. అంతట ఆ జాతిలోనే పట్టిక తప్పుగా నున్న కొన్ని యంత్రములు మూగపోయినవి. వానికొక ప్రతిపట్టిక వ్రాసిరి. 2023లో ఈ చిక్కంతయు వదల్చుకొనుటకై ఆ విధిని తీసివేసిరి. మరల వేరు యంత్రముల కీబోర్డులు చెడినవి. అదే సంవత్సరమున తీసినదానిని తిరిగి నిలిపిరి. ఉత్సర్గమునకు, అపవాదమునకు సరియైన సరిహద్దు కనుగొనుట ఎంత కష్టమో ఈ ఒక్క తీగ చెప్పుచున్నది. గదిలో కూర్చుండి ఊహించిన ధర్మము తెలియని ఊరిలోని యంత్రమునకు చెల్లలేదు.

ధ్వని విషయము మరింత విస్తారమైనది. 2004లో ఇంటెల్ సంస్థ హెచ్‌డీ ఆడియో అను ప్రమాణమును ప్రకటించెను. దాని ప్రకారము ధ్వని చిప్పునకు అనేకములైన పిన్నులుండును. ఏ పిన్ను స్పీకరుకు పోవును, ఏది హెడ్‌ఫోనుకు పోవును, ఏది మైక్రోఫోనుది, ఏది దేనికిని కలుపబడలేదు అను సంగతి ఫర్మ్‌వేరు చెప్పవలెను. ఉన్నదానిని లేదనుట, లేనిదానిని ఉన్నదనుట ఈ పట్టికలలో సర్వసామాన్యము. రియల్‌టెక్ వారి చిప్పు ఒక్కటే అయినను, దానిని డెల్ వారు ఒక తీరున, లెనోవో వారు ఒక తీరున, ఏసస్ వారు ఒక తీరున కలుపుదురు. కావున చిప్పు సంఖ్య చాలదు. దానిని కలిపిన సంస్థ వేసిన ఉపసంఖ్యయు కావలెను. రియల్‌టెక్ చిప్పుల కొరకు వ్రాసిన భాగములో ఇట్టి వరుసలు వందలకొలది కలవు. లినక్సు ధ్వనిభాగమును చిరకాలముగా పోషించుచున్న తకాషి ఇవాయ్ మొదలగువారి శ్రమ ఇందులో కనబడును. ఒక్కొక్క వరుస వెనుక "నా యంత్రము పలుకుట లేదు" అని ఎవరో ఒకరు చేసిన ఫిర్యాదు ఉండును.

చిన్న అవకరము పెద్ద చిక్కు తెచ్చుటయు కలదు. మూత తెరచియున్నదో మూసియున్నదో ఫర్మ్‌వేరును అడిగి తెలిసికొనవలెను. కొన్ని యంత్రములు మూత తెరచియున్నను మూసియున్నదనును. అది నమ్మిన సిస్టము మేల్కొన్న క్షణముననే తిరిగి నిద్రించును. మరి కొన్ని యంత్రములు ఆపి తిరిగి ప్రారంభింపుమన్నచో నడుమనే ఆగిపోవును. పునఃప్రారంభమునకు మార్గములు అనేకములు: కీబోర్డు చిప్పు ద్వారా ఒకటి, ఏసీపీఐ ద్వారా ఒకటి, పీసీఐ ద్వారా ఒకటి. డెల్ లాటిట్యూడు వంటి కొన్ని మోడళ్ల పేర్లకెదురుగా "వీనికి పీసీఐ మార్గమే తగును" అని కెర్నెలు వ్రాసికొన్నది.

ఇంతవరకు చెప్పినవి ఓర్పునకు పరీక్షలు. ఇక చెప్పబోవునది సత్యమునకు పరీక్ష. ఏసీపీఐ పద్ధతిలో ఫర్మ్‌వేరు కెర్నెలును ప్రశ్నించుటకు అవకాశము కలదు. "నీవు విండోసు ఫలానా కూర్పువా?" అని అది అడుగును. జవాబును బట్టి అది ఒక దారియో మరియొక దారియో పట్టును. లినక్సు ఈ ప్రశ్నకు "ఔను" అనును. విండోసు కాకపోయినను, ఆ పేరు చెప్పి అడిగినప్పుడెల్ల "ఔను" అనియే చెప్పును. కురుక్షేత్రమున ధర్మరాజు నోట వచ్చిన అర్ధసత్యము ఎరిగినవారు ఇది యేమి ధర్మమని అడుగవచ్చును.

మొదట లినక్సు తన పేరును దాచలేదు. "నీవు లినక్సువా?" అని అడిగిన ఫర్మ్‌వేరుకు "ఔను" అనెడిది. దానివలన మేలు కలుగలేదు. లినక్సు ఏటేట మారునది. ఫర్మ్‌వేరు ఒక్కసారి వ్రాయబడి నిలిచిపోవునది. ఏదో ఒక కూర్పులోని లోపమునకై ఫర్మ్‌వేరులో వ్రాసిన ప్రత్యేకమార్గము, ఆ లోపము తీరిన తరువాతి కూర్పులకు ముల్లుబాటయ్యెను. పైగా ఆ మార్గమున నడచి చూచినవారు తక్కువ. కావున 2007లో వచ్చిన 2.6.23 కూర్పు నుండి ఆ ప్రశ్నకు "కాదు" అని చెప్పుట ఆరంభించిరి. పదిమంది నడచిన బాటయే తెరువరికి క్షేమమని ఎంచి, పరీక్షింపబడిన దారి యొకటే యున్నది గనుక ఆ దారి తలుపు తెరచు మాటనే పలుకుచున్నారు. ఆపిల్ యంత్రముల ఫర్మ్‌వేరుకు మాత్రము ఆ సంస్థ సిస్టము పేరైన "డార్విన్" అను జవాబు చెప్పుదురు.

కాని వేషము వేసినవాడు ఆ వేషమునకు తగిన ఆటయు ఆడవలెను. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు తెర వెలుతురును హెచ్చించు, తగ్గించు పని విండోసు తన గ్రాఫిక్సు డ్రైవరుకే అప్పగించెను. తయారీదారులు ఫర్మ్‌వేరులోని పాత వెలుతురు మార్గమును పరీక్షించుట మానిరి. లినక్సు "ఔను, విండోస్ 8ని" అని చెప్పి, పాత మార్గముననే నడువబోయెను. అనేక ల్యాప్‌టాపులలో వెలుతురు మీటలు చెడెను. కొంతకాలము యజమానులు యంత్రము మేల్కొనునప్పుడు "ఆ ఒక్క పేరుకు కాదనుము" అని కెర్నెలుకు తామే వ్రాసి పెట్టవలసి వచ్చెను. క్రమముగా కెర్నెలు తన నడతయే మార్చుకొనెను. ఒకే తెరకు రెండు మూడు వెలుతురు మార్గములు ఏకకాలమున చూపు అలవాటును హాన్స్ డి గూడె చేసిన మార్పులతో 2022 చివర వెలువడిన 6.1 కూర్పులో తొలగించి, తెరకొక మార్గమని నిర్ణయించిరి. పేరు అరువు తెచ్చుకొన్నవాడు నడతను గూడ నేర్చుకొనక తప్పలేదు.

ఇంతకంటె భయంకరములైన అవకరములు కలవు. కీబోర్డు పలుకనిచో వేరొకటి తగిలింపవచ్చును. యంత్రమే శాశ్వతముగా మేల్కొననిచో కొన్న సొమ్మంతయు పోయినట్లే. ఐబీఎం వారి కొన్ని థింక్‌ప్యాడు యంత్రములలో వేడిమిని కొలుచు పరికరములను వెదకుటకై ఒక లోపలి దారిని తట్టినంతనే, ఆ దారిమీదనున్న చిన్న స్మృతిచిప్పులోని వ్రాత చెడి యంత్రము పనికిరాకుండ పోవుచుండెడిది. ఆ దారికి సంబంధించిన డ్రైవరు ఐబీఎం అను పేరు కనబడినచో హెచ్చరిక వ్రాసి పనిచేయుటకే నిరాకరించునట్లు చేసిరి. కొలత లేకపోయిన లోటు చిన్నది. యంత్రము పోయిన లోటు పెద్దది.

2013 ఆరంభమున శామ్‌సంగ్ వారి కొన్ని ల్యాప్‌టాపులు యూఈఎఫ్ఐ పద్ధతిలో లినక్సు నడిపినంతనే మరల మేల్కొనక రాయివలె అయినవి. మొదట ఆ సంస్థ యంత్రములకై వ్రాసిన డ్రైవరును అనుమానించి, యూఈఎఫ్ఐ యున్నచోట అది నడువకుండ చేసిరి. పిదప మాథ్యూ గారెట్ అను నిపుణుడు పరిశీలించి, ఫర్మ్‌వేరు తన గుర్తులు దాచుకొను చోటు నిండిపోయినచో ఆ యంత్రము చెడుననియు, విండోసు నుండి నింపినను అట్లే అగుననియు చూపెను. దోషము లినక్సుది కాదని తేలినది. అంతటితో చేతులు కడుగుకొనలేదు. ఆ చోటును సగమునకు మించి నింపరాదని కెర్నెలులో మొదట కట్టుదిట్టము చేసిరి. తరువాత దానిని సవరించి, కొంత చోటు ఎల్లప్పుడు ఖాళీగా మిగులునట్లు చూచిరి.

2016లో ఇట్టిదే మరియొకటి. సర్వాధికారముతో ఫైళ్లన్నిటిని తుడుపుమని ఆజ్ఞ యిచ్చినవానికి ఫైళ్లతో పాటు ఫర్మ్‌వేరు గుర్తులును తుడిచిపెట్టుకొనిపోయినవి. గుర్తులు లేకున్నను ఫర్మ్‌వేరు కోలుకొనవలెను. కొన్ని ల్యాప్‌టాపులు కోలుకొనలేదు. ఆ సంవత్సరమున వచ్చిన 4.5 కూర్పు నుండి, క్షేమమని తెలిసిన కొన్ని తప్ప తక్కిన గుర్తులన్నియు సులభముగా తుడుపుటకు వీలులేనివిగా చేయబడినవి. తప్పు ఎవరిదని విచారించుట ఒక పని. నష్టము ఎవరిమీద పడునని విచారించుట మరియొక పని. ఈ మూడు ఘట్టములలోను కెర్నెలు రచయితలు రెండవ విచారణకే పెద్దపీట వేసిరి. నిన్న నడచినది నేడు నడువకుండుట కూడదని టోర్వాల్డ్స్ నియమము. కొత్త కూర్పు ఎక్కించుకొన్నవాని పని చెడినచో, "మీ యంత్రమే తప్పు" అనుమాట అక్కడ సమాధానముగా చెల్లదు.

ఈ పద్ధతిని ఆక్షేపించువారు లేకపోలేదు. ఇట్లు సర్దుచు పోయినచో తయారీదారుల అలసత్వమునకు అంతమెక్కడ అని ఒక ప్రశ్న. వ్రాసిన వరుసను తీసివేయుటకు ధైర్యము చాలదని మరియొక ప్రశ్న. పదియేండ్ల క్రిందటి ఆ మోడలు ఇప్పుడు ఎవరివద్ద నున్నదో తెలియదు, పరీక్షింపక తీసివేసినచో ఎవరి యంత్రము చెడునో తెలియదు. రెండును నిజమైన ఆక్షేపణలే. అందుచేతనే మంచి కెర్నెలు రచయిత అపవాదము వ్రాయుటకు తొందరపడడు. ఈ యంత్రము విండోసు మీద ఎట్లు నడచుచున్నదని మొదట అడుగును. అక్కడ పేర్ల పట్టిక లేకయే నడచుచున్నచో, విండోసు పాటించు సామాన్యవిధి ఏదో కెర్నెలుకు తెలియకుండ నున్నదన్నమాట. దానిని కనుగొన్నచో వంద వరుసలు అక్కరలేకపోవును. ఎంత వెదకినను సామాన్యవిధి దొరకనప్పుడే యంత్రము పేరు వ్రాయవలెను. వ్రాసినప్పుడు కారణమును, తేదీని, ఫిర్యాదు చేసినవాని పేరును ప్రక్కన చేర్చవలెను. కారణము వ్రాయని కైఫీయతు పది సంవత్సరములకు చిక్కుముడి యగును.

ఇంత దూరపు సంగతి గ్రామ పాఠకులకు ఎందుకని కొందరికి తోచవచ్చును. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చు సాధారణ పోషణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 కోరు హంగులు లేని పాత ల్యాప్‌టాపులు ఇండ్లలో, పాఠశాలలలో మూలబడుచున్నవి. చదువుకొను పిల్లవానికి అట్టి యంత్రమే ఆధారమైన కుటుంబములున్నవి. లినక్సు ఎక్కించినచో అనేకములు ఇంకను కొన్నేండ్లు పనిచేయును. అయితే ఎక్కించిన మరునాడు స్పీకరు పలుకకపోయినచో, మూత తెరచినను మేల్కొనకపోయినచో, దానిని తుక్కులో వేయుటకు ముందు ఆ మోడలు కైఫీయతును విచారింపవలెను. అదే మోడలుకు ఎక్కడనో ఒకరు అప్పుడే సర్దుబాటు వ్రాసియుండవచ్చును. కొత్త కూర్పులో అది చేరియుండవచ్చును.

చేరనిచో ఆ యంత్రము యజమానియే ముఖ్యసాక్షి. కెర్నెలు వ్రాయువానివద్ద ఆ మోడలు ఉండదు. యంత్రము ముందున్నవాడు చెప్పినగాని అతనికి తెలియదు. డీఎంఐడీకోడ్ అను ఆజ్ఞ యంత్రము తన పేరుగా చెప్పుకొనుచున్నదానిని చూపును. డీమెసేజ్ అను ఆజ్ఞ మేల్కొన్నది మొదలు కెర్నెలు వ్రాసికొన్న దినచర్యను చూపును. ఈ రెండు కాగితములు, కెర్నెలు కూర్పు సంఖ్య, ఏది చేసినప్పుడు ఏమి జరిగినది అను స్పష్టమైన వాక్యము ఉన్నచో సగము వైద్యము జరిగినట్లే. తరువాత రచయిత పంపిన సవరణను పెట్టి చూచి, కుదిరినదో లేదో నిజము చెప్పవలెను. అట్లు ఫిర్యాదు చేసినవారి పేరు, పరీక్షించి చూచినవారి పేరు ఆ సవరణ క్రింద శాశ్వతముగా వ్రాయు ఆచారము అక్కడ కలదు. ఆ ఒక్క వరుస కెర్నెలులో చేరినపిదప, ప్రపంచమున ఆ మోడలు ఎవరి యింట నున్నను, వారు అడుగకయే, వారికి తెలియకయే, వారి యంత్రము చక్కబడును.

కెర్నెలు వ్రాయుటకు పాండిత్యము కావలెను. సాక్ష్యము చెప్పుటకు ఓపికయు, ఉన్నదున్నట్లు వ్రాయు అలవాటును చాలును. గ్రంథాలయమునకు పుస్తకములు రాగానే ప్రవేశ రిజిస్టరులో ఎక్కించుట ఎంత అవసరమో, గ్రంథాలయములో గాని చందాదారుల ఇండ్లలో గాని ఉన్న కంప్యూటర్లకు ఒక చిన్న పుస్తకము పెట్టుటయు అంత అవసరము. మోడలు పేరు, బయోసు కూర్పు, కెర్నెలు కూర్పు, కనబడిన అవకరము, చేసిన సర్దుబాటు, తేదీ. ఈ ఆరు గడులు గీసికొన్న చాలును. ఒకరు పడిన కష్టము మరియొకరు పడనక్కరలేదు. వ్రాయగలిగిన బాలబాలికలకు ఆ పుస్తకమును అప్పగించి, ఆరవ గడి నిండువరకు ఏ వరుసను విడువరాదని పెద్దలు చెప్పుదురుగాక.

స్వస్తి.